రేడియేషన్ తరువాత గుటక

నాలుక మొదట్లో వచ్చిన క్యాన్సర్‌కు నేను రేడియేషన్, దానితో పాటు కీమోథెరపీ తీసుకున్నాను. ఇటువంటి క్యాన్సర్‌కు సాధారణంగా 7 వారాల్లో, 35 విడతలుగా, మొత్తం 70 గ్రేల (గ్రే అంటే రేడియేషన్‌ను కొలిచే ప్రమాణం) మోతాదు ఇస్తారు. నోటి లోపలి పొర పుండుపడి, ఉమ్మి చిక్కబడి, గుక్కెడు నీళ్ళు మింగడమే యాతనగా మారిన ఆ రోజుల్లో నా బరువు తగ్గడం ఇంట్లో అందరికీ కనిపించింది కానీ, తగ్గుతున్నదాంట్లో ఎక్కువ భాగం కండేనని డైటీషియన్ చెప్పాకే తెలిసింది.

తూకపు యంత్రం కండను, కొవ్వును, ఒంట్లో చేరిన నీటిని విడదీసి చూపదు. లావుగా ఉన్నవారిలో కండ ఎంత కరిగినా పైకి తెలియకపోవచ్చు. అందుకే ఆమె నా చేతి పట్టు బలాన్ని కొలిచేవారు, చేతుల ఊతం లేకుండా కుర్చీలోంచి లేవమనేవారు. జబ్బు వల్ల, చికిత్స వల్ల ఒంట్లో రేగే ఇన్‌ఫ్లమేషన్ (వాపు ప్రక్రియ) కండరాల్లోని ప్రొటీన్‌ను విరిచేస్తుందనీ, తిండి తగ్గడం, మంచం పట్టడం దానికి తోడవుతాయనీ వివరించారు.

గుటక కూడా కండరాల పనేనని నేను అంతకు ముందు ఎన్నడూ ఆలోచించలేదు. ఒక్క ముద్ద దిగాలంటే 30కి పైగా కండరాలు వరుస తప్పకుండా కదలాలి: నాలుక ముద్దను వెనక్కి నెట్టాలి, స్వరపేటిక పైకి, ముందుకు లేవాలి, శ్వాసమార్గం మూసుకోవాలి, అన్నవాహిక పైద్వారం తెరుచుకోవాలి. ఒళ్ళంతా కండ తరిగినప్పుడు ఇవీ సన్నబడతాయి. పైగా రేడియేషన్ తగిలిన చోట కణజాలం బిగుసుకుపోతుంది.

పొట్టలోకి గొట్టం వేసి ఆహారం పంపుతున్న కాలంలోనూ, మాటతో పాటు మింగడాన్నీ చూసే స్పీచ్ థెరపిస్ట్ నన్ను మింగడం మానుకోనివ్వలేదు. గొట్టం ఒంటికి పోషణ ఇస్తుంది, గొంతుకు మాత్రం పని ఇవ్వదు అనేవారు. అయితే ఏది మింగడం క్షేమమో ముందుగా తేల్చాలి. ఎక్స్‌రేలో కనిపించే బేరియం కలిపిన ద్రవం మింగుతుండగా ఎక్స్‌రే వీడియో తీసినప్పుడు, కొంత ద్రవం శ్వాసనాళంలోకి జారుతున్నా నాకు పొలమారనూ లేదు, దగ్గు రానూ లేదు. ఇది న్యుమోనియాకు దారితీయవచ్చు. దగ్గు రాలేదు కాబట్టి అంతా బాగుందనుకోవడం ప్రమాదం; తోటి రోగులకు నేను గట్టిగా చెప్పదలచిన మాట ఇదే.

ఆ తరువాత నెలల తరబడి వ్యాయామాలు సాగాయి. నాలుక కొనను పళ్ళ మధ్య పట్టి ఉంచి, నోట్లో ఆహారమేమీ లేకుండా గుటక వేయడం. గుటక మధ్యలో కంఠమణి పైకి లేచినప్పుడు దాన్ని కాసేపు అక్కడే నిలిపి ఉంచడం. వెల్లకిలా పడుకుని, భుజాలు లేవకుండా తల మాత్రమే ఎత్తి కాలివేళ్ళ వైపు చూడడం. దవడ బిగుసుకోకుండా నోరు సాగదీయడం. చూడడానికి చిన్న పనులే, కానీ మొదట్లో తల ఎత్తి ఉంచలేక మెడ వణికిపోయేది. వీటికి తోడు ఫిజియోథెరపిస్ట్ సాగే రబ్బరు పట్టీలతో కాళ్ళకూ చేతులకూ పని పెట్టారు. క్యాన్సర్ రోగులకు కిలో బరువుకు రోజుకు 1 గ్రాముకు మించి, వీలైతే 1.5 గ్రాముల వరకు ప్రొటీన్ అవసరమని డైటీషియన్ లెక్క చెప్పి, కిడ్నీ జబ్బు ఉన్నవారు వైద్యుణ్ణి అడక్కుండా దీన్ని పాటించకూడదని హెచ్చరించారు. వ్యాయామం లేని ప్రొటీన్‌తోనూ, ప్రొటీన్ లేని వ్యాయామంతోనూ పోయిన కండ సరిగా తిరిగి రాదు. డైటీషియన్, స్పీచ్ థెరపిస్ట్, ఫిజియోథెరపిస్ట్, ఈ ముగ్గురినీ రేడియేషన్ మొదలయ్యే ముందే ప్రతి రోగీ కలిసే ఏర్పాటు ఉండాలని నా గట్టి అభిప్రాయం.

గొట్టం తీసేశారు. గుజ్జు నుంచి మెత్తని తిండికి, అక్కడి నుంచి మామూలు భోజనానికి వచ్చాను. నోరు ఎండిపోవడం మాత్రం పోలేదు. పొడిగా ఉన్నదేదైనా నీళ్ళ తోడుతోనే దిగుతుంది. రేడియేషన్ వల్ల వచ్చే బిగుతు ఏళ్ళ తరువాత కూడా పెరగవచ్చు కనుక గొంతు వ్యాయామాలు ఇప్పటికీ చేస్తున్నాను. తిన్నాక గొంతు తడిగా, గరగరగా పలికినా, కారణం తెలియని జ్వరం పదేపదే వచ్చినా, బరువు మళ్ళీ తగ్గుతున్నా ఆలస్యం చేయకుండా మింగుడు పరీక్షకు రమ్మని చెప్పారు.