ఇంటి ముందు బోదె నుంచి ఆనకట్ట దాకా: మా ఇంటి చదువు ప్రయాణాలు

మా ఇద్దరు పిల్లలను బడి మాన్పించి ఇంట్లోనే చదివించడం మొదలుపెట్టి మూడేళ్లయింది. అమ్మాయికి పన్నెండేళ్లు, అబ్బాయికి ఎనిమిదేళ్లు. మేముండేది అమలాపురం దగ్గర ఒక పల్లెటూరు. తెలుగు, లెక్కలు ఇంట్లో చక్కగానే సాగాయి గాని, చరిత్ర దగ్గరికి వచ్చేసరికి పిల్లలు రాజుల పేర్లు వరసగా అప్పజెప్పడం తప్ప ఆ పేర్ల వెనుక మనుషులున్నారని నమ్మినట్టు నాకు కనిపించలేదు. చుట్టూ ఇన్ని పాత గుళ్లు, ఇన్ని కట్టడాలు ఉండగా పుస్తకం పట్టుకుని కూర్చోవడం ఎందుకని, మాలాగే పిల్లలను ఇంట్లో చదివించుకుంటున్న మరో రెండు కుటుంబాలతో కలిసి ప్రయాణాలు పెట్టుకున్నాం.

మొదటి ప్రయాణం పూర్తిగా బెడిసికొట్టింది. వ్యాను మాట్లాడుకుని, ఒక మ్యూజియం, ద్రాక్షారామం, సామర్లకోట, బిక్కవోలు అన్నీ ఒకే రోజులో చూసి వచ్చేయాలని బయలుదేరాం. మ్యూజియం దగ్గరకు చేరేసరికి ఆ రోజు సెలవని గేటుకు తాళం వేసి ఉంది. ముందురోజు ఫోను చేసి కనుక్కోవలసింది మేమే. ద్రాక్షారామంలో దర్శనానికే సమయం సరిపోయింది, బిక్కవోలు చేరేసరికి చీకటి పడింది. మర్నాడు పిల్లలను చూసినవి రాయమంటే, అబ్బాయి ఒకే వాక్యం రాశాడు: దారిలో జామకాయలు కొన్నాం. ఆ వాక్యం చదివి నేను చాలా బాధపడ్డాను. వాడు అబద్ధం రాయలేదు, వాడికి గుర్తున్నది అదే.

ఆ వేసవిలో కాలువలకు నీళ్లు ఆపేశాక, ఎండిపోయిన బోదెలో, అంటే పొలాలకు నీళ్లు పారే చిన్న కాలువలో, పిల్లలు ఆడుకుంటూ, ఈ నీళ్లు ఎక్కడినుంచి వస్తాయని మా అత్తగారిని అడిగారు. గోదావరిలోంచి అని ఆవిడ చెప్పారు. "గోదారి పల్లంలో ఉంటుంది కదా నానమ్మా, మన పొలం ఎత్తులో ఉంది. నీళ్లు పైకెలా ఎక్కుతాయి?" అని అబ్బాయి మళ్లీ అడిగాడు. నాకూ ఆ క్షణంలో సరైన జవాబు తట్టలేదు. ఆ ప్రశ్నే మా తరువాతి ఆరు నెలల పాఠం అయింది. చూడవలసిన స్థలాల జాబితా పక్కన పెట్టేసి, నీటికి ఎదురు నడవాలని నిర్ణయించుకున్నాం. ఒక విడతకు ఒకే చోటు, పూటకు మించి ఉండకూడదు, వెళ్లే ముందు పిల్లల దగ్గర ఒక ప్రశ్న తప్పకుండా ఉండాలి.

మొదట బోదె వెంట పంట కాలువ దాకా నడిచాం. తరువాత ఆత్రేయపురం దగ్గరి లొల్ల లాకులకు వెళ్లాం. మధ్య డెల్టా ప్రధాన కాలువ అక్కడ పాయలుగా విడిపోతుంది. తలుపులు దించితే ఎగువన నీటిమట్టం పెరగడం, ఎత్తితే దిగువకు పరుగెత్తడం పిల్లలు గట్టు మీద గంటసేపు కూర్చుని చూశారు. ఏ పాఠ్యపుస్తకంలోని బొమ్మా ఆ పని చేయలేదు.

మూడో విడత ధవళేశ్వరం. సర్ ఆర్థర్ కాటన్ మ్యూజియంలో ఆనకట్ట నమూనాలు, పాత ఫొటోలు, నాటి పనిలో వాడిన యంత్రాలు ఉన్నాయి. 1830లలో కరువులు, 1839లో కోరంగి రేవును తుడిచిపెట్టిన తుపాను, ఆ తరువాత 1847లో మొదలై 1852 నాటికి పూర్తయిన ఆనకట్ట అని ముందే వరసగా చెప్పుకుని వెళ్లాం గాని, అబ్బాయి నేరుగా నమూనా దగ్గరికి వెళ్లి, నది ఇక్కడ ఎత్తు మీద ఉంది, ఆపిన నీళ్లు పల్లంలో ఉన్న మన ఊరికి నెమ్మదిగా జారుకుంటూ వస్తాయి, పైకెక్కడం లేదు అని వాడంతట వాడే చెప్పాడు. నేను ఒక్క మాట కూడా అందించలేదు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని ఆనకట్ట నాలుగు భాగాలనూ అమ్మాయి పటం మీద గుర్తుపెట్టుకుంది. పాత ఆనకట్ట స్థానంలో కట్టిన ఇప్పటి బ్యారేజీకి 175 గేట్లు ఉన్నాయని చెబితే, నాలుగు భాగాలకూ వాటిని ఎలా పంచారో లెక్క వేసుకుంది. కాటన్‌ను ఈ నేల మీద జనం ఎందుకు దండలు వేసి తలుచుకుంటారో వివరించవలసిన అవసరం రాలేదు. అయితే ఆ రాళ్లు మోసిన వేలాది కూలీల పేర్లు ఏ పలక మీదా లేవెందుకని అమ్మాయి అడిగింది. ఆ ప్రశ్నను తన పుస్తకంలోనే రాసుకోమన్నాను. అది జవాబు చెప్పి ముగించే ప్రశ్న కాదు.

పి.గన్నవరంలో వైనతేయ పాయ మీదుగా నగరం లంకకు నీళ్లు మోసుకెళ్లడానికి కాటన్ కాలంలోనే కట్టిన అక్విడక్టు మా ఇంటికి దగ్గరే. దాని పక్కన కట్టిన కొత్తదానికి, అన్నదానంతో పేరు నిలిచిన డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. అబ్బాయి పాతదాని కమానులు లెక్కపెట్టి 47 అన్నాడు, అమ్మాయి 49 అంది. వాళ్లిద్దరి మధ్యా తీర్పు చెప్పకుండా ఇంటికి వచ్చేశాం.

ద్రాక్షారామానికి రెండోసారి వెళ్లినప్పుడు మాత్రం ఒక పూటంతా ఉన్నాం. తూర్పు చాళుక్యుల కాలం నాటి ఆ భీమేశ్వరాలయంలో గోడల మీద, స్తంభాల మీద వందలాది శాసనాలున్నాయి. రాజరాజ నరేంద్రుని కొడుకై, 1070లో చోళ సింహాసనం ఎక్కిన కులోత్తుంగుని కాలానివి కూడా వాటిలో ఉన్నాయి. వెళ్లే ముందు వారం రోజులు, పాత లిపిలో "స్వస్తి శ్రీ" ఎలా ఉంటుందో కాగితం మీద గీసి చూపించాను. గుడిలో రాతిని ముట్టుకోకుండా, పొద్దుటి ఏటవాలు వెలుతురులో అవే అక్షరాల కోసం పిల్లలు వెతికారు. తొలి "స్వస్తి శ్రీ" దొరికినప్పుడు అమ్మాయి కేకకు ప్రదక్షిణ చేస్తున్నవాళ్లు కూడా వచ్చి చూశారు. అఖండ దీపానికి పశువులను దానమిచ్చిన శాసనాలు చాలా ఉన్నాయని చెబితే, పశువులతో దీపం ఎలా వెలుగుతుందని అబ్బాయి నిలదీశాడు. పాలు, పెరుగు, వెన్న, నెయ్యి అని మా అత్తగారు ఒక్కొక్క మెట్టే చెప్పుకొచ్చారు. ఇంట్లో కవ్వంతో చిలికి, ఎన్ని పాలకు ఎంత నెయ్యి వస్తుందో ఆవిడ చూపించాక, ఒక దీపం ఏడాది పొడవునా ఆరకుండా ఉండాలంటే ఎన్ని పశువులు కావాలో అమ్మాయి రెండు రోజులు లెక్క కట్టింది.

రాజమహేంద్రవరంలో దామెర్ల రామారావు చిత్రశాలకు వెళ్లాం. 1897లో పుట్టి 1925లోనే పోయిన చిత్రకారుడు ఇరవై ఎనిమిదేళ్లు కూడా నిండకుండానే ఇంత గీశాడా అని అమ్మాయి ఆశ్చర్యపడి, ఆ రోజంతా పెన్సిలు వదల్లేదు. అక్కడ పాఠం చెప్పవలసిన పని కనిపించక నేను ఊరుకున్నాను.

బయటివాళ్లు ఎక్కువగా అడిగేది పరీక్షల సంగతి. పద్నాలుగేళ్లు నిండాక జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ ద్వారా పదో తరగతి పరీక్ష రాయించాలని మా ఉద్దేశం. అందుకోసం ప్రతి ప్రయాణానికీ తేదీ, స్థలం, పిల్లలు అడిగిన ప్రశ్న, దొరికిన జవాబు, దొరకని జవాబు ఒక పుస్తకంలో రాయిస్తున్నాం. మ్యూజియాలకు ముందురోజే ఫోను చేసి సెలవు లేదని రూఢి చేసుకుంటున్నాం. గుళ్లలో ఫొటో తీయవచ్చా అని ముందు కార్యాలయంలో అడుగుతున్నాం. కుదరదంటే పిల్లలు బొమ్మ గీస్తారు. గీసిన రోజులే వాళ్లకు ఎక్కువ గుర్తుంటున్నాయి.

మొన్న మళ్లీ గన్నవరం వెళ్లాం. అబ్బాయి ఈసారి ఒక్కో కమానుకూ ఒక్కో చింతగింజ సంచిలో వేసుకుంటూ గట్టు ఈ చివరనుంచి ఆ చివర దాకా నడిచి, ఇంటికి వచ్చాక అరుగు మీద కుమ్మరించి, నానమ్మ ఎదుట ఒక్కొక్కటే పక్కకు జరుపుతూ లెక్కపెట్టాడు. నలభై తొమ్మిది.