కళా బగాయ్ వీధిలో అమ్మతో

మొన్న ఆదివారం అమ్మని కాలిఫోర్నియాలోని బర్క్‌లీ తీసుకెళ్లాను. బార్ట్ రైలు దిగి పైకొస్తే షాటక్ అవెన్యూ దగ్గర 'కళా బగాయ్ వే' అని వీధి బోర్డు. "ఎవరే ఈవిడ? మనావిడేనా?" అంది అమ్మ.

అవునమ్మా. 1915లో భర్త వైష్ణోదాస్‌తో, ముగ్గురు మగపిల్లలతో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఓడ దిగింది. ఆమె ముక్కుపుడకే అక్కడి పత్రికకు వార్తయింది. అది వినగానే అమ్మ చెయ్యి తన ముక్కుపుడక మీదికి పోయింది.

బర్క్‌లీలో ఇల్లు కొనుక్కున్నారు. సామాను బళ్లతో వచ్చేసరికి ఇరుగుపొరుగువాళ్లు ఆ ఇంటికి తాళాలు బిగించి ఉన్నారు. ఇక్కడొద్దు, పిల్లల్ని ఏం చేస్తారో అంది కళ. వెనక్కి తిరిగిపోయారు. ఇదే ఊరు! నాకు అక్కడే గొంతు పట్టేసింది.

1921లో వైష్ణోదాస్‌కి అమెరికా పౌరసత్వం వచ్చింది. 1923లో భగత్‌సింగ్ థిండ్ అనే పంజాబీ వలసదారు కేసులో, పౌరసత్వానికి అర్హులైన తెల్లవాళ్ల కిందికి భారతీయులు రారని అమెరికా సుప్రీంకోర్టు తేల్చాక, దాన్ని లాగేసుకున్నారు. 1928లో ఆయన తన ప్రాణం తానే తీసుకున్నాడు. కళ ముగ్గురు పిల్లలతో మిగిలింది.

ఆ తీర్పు తెల్లజాతి ఆడవాళ్లనీ వదల్లేదు. 1922 నాటి కేబుల్ చట్టం ప్రకారం, పౌరసత్వానికి అర్హత లేని విదేశీయుణ్ణి పెళ్లాడితే అమెరికాలో పుట్టిన ఆడదానికీ పౌరసత్వం పోయేది. తారక్‌నాథ్ దాస్ అనే బెంగాలీ విప్లవకారుణ్ణి చేసుకున్న మేరీ దాస్‌కి అదే జరిగింది. పుట్టిన దేశంలోనే పరాయిది!

నేను ఆరేళ్లు డిపెండెంట్ వీసా మీద ఉన్నదాన్ని. మా ఆయన ఉద్యోగం ఉంటేనే నేనిక్కడ ఉండగలిగేదాన్ని. ఆయన ఆఫీసులో మనుషుల్ని తీసేస్తున్నారన్న రాత్రి, నిద్రపోతున్న పాపని చూస్తూ కూర్చున్నాను. మేరీ, కళ పడ్డ కష్టం ముందు నాది చాలా చిన్నది. కానీ భర్త కాగితాలకు మన బతుకు ముడిపడితే ఎలా ఉంటుందో నాకు తెలుసు.

"కళ పిల్లలేమయ్యారే?" అంది అమ్మ.

కాలేజీ చదువులు చెప్పించింది. 1946లో చట్టం మారాకే, వచ్చిన ముప్పై ఒక్క ఏళ్లకి, పౌరసత్వం అడిగే దారి తెరుచుకుంది ఆమెకి.

అమ్మ కొంగు సర్దుకుని బోర్డు పక్కన నిలబడింది. "ఒక ఫోటో తియ్యి. ముక్కుపుడక కనపడాలి."