అగ్నివీర్‌వాయు: సైన్స్ రాయాలా, నాన్‌సైన్స్ రాయాలా?

ఫ్రెండ్స్, నాది ఇంటర్ ఎంపీసీ, తెలుగు మీడియం. ఎయిర్‌ఫోర్స్‌లో నాలుగేళ్ల ఉద్యోగానికి పెట్టే అగ్నివీర్‌వాయు పరీక్ష రెండుసార్లు రాశాను. మొదటిసారి ఫేజ్-1 (ఆన్‌లైన్ రాత పరీక్ష) దగ్గరే ఆగిపోయాను, రెండోసారి గట్టెక్కాను.

ఫేజ్-1లో సైన్స్, నాన్‌సైన్స్ అని రెండు రకాలు. సైన్స్‌లో ఇంగ్లీషు 20, మ్యాథ్స్ 25, ఫిజిక్స్ 25 ప్రశ్నలు, టైమ్ 60 నిమిషాలు. నాన్‌సైన్స్‌లో ఇంగ్లీషు 20, రీజనింగ్-జీకే 30, టైమ్ 45 నిమిషాలు. ఎంపీసీ వాళ్లు రెండూ పెట్టుకుంటే ఒకే సిట్టింగ్‌లో 85 నిమిషాలు. బైపీసీ, సీఈసీ, హెచ్ఈసీ వాళ్లకు నాన్‌సైన్సే దారి.

నాన్‌సైన్స్ ఈజీ అని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. లెక్కేస్తే ప్రశ్నకు అక్కడ 54 సెకన్లు, సైన్స్‌లో 51. అంతే తేడా. సిలబస్ తక్కువే కానీ, సీటింగ్ అరేంజ్‌మెంట్ లాంటిది ఒక్కటి పట్టుకుని కూర్చుంటే నాలుగు ప్రశ్నల టైమ్ పోతుంది.

మొదటిసారి నేను రెండూ పెట్టాను. ఎంసెట్ (ఇప్పటి ఈఏపీసెట్)లో నెగెటివ్ మార్కులు ఉండవు కదా, చివర్లో మిగిలినవన్నీ ఏదో ఒకటి పెట్టేయడం అలవాటు. ఇక్కడ తప్పుకు 0.25 కోత. అదే అలవాటుతో చేతులారా మార్కులు పోగొట్టుకున్నాను.

అసలు దెబ్బ మాత్రం ఇంగ్లీషులో తగిలింది. మ్యాథ్స్‌లో ఎన్ని మార్కులొచ్చినా ఇంగ్లీషు లోటు పూడదు, ఏ సబ్జెక్టుకా సబ్జెక్టులో క్వాలిఫై కావాలి. పైగా మ్యాథ్స్, ఫిజిక్స్ ప్రశ్నలు ఇంగ్లీషు, హిందీల్లోనే వస్తాయి. 'జడత్వ భ్రామకం' మీద ఎన్నో లెక్కలు చేసినవాణ్ని, 'మొమెంట్ ఆఫ్ ఇనర్షియా' అని కనబడగానే తడబడ్డాను. లెక్క వచ్చు, ప్రశ్నే అర్థం కాలేదు. హాల్లోంచి బయటికొస్తుంటే ఏడుపొచ్చింది.

రెండోసారి సైన్స్ ఒక్కటే పెట్టాను. తెలుగు అకాడమీ పుస్తకం పక్కన ఎన్‌సీఈఆర్‌టీ పెట్టుకుని, ద్రవ్యవేగం అంటే మొమెంటమ్, త్వరణం అంటే యాక్సిలరేషన్ అని చాప్టర్ చాప్టర్‌కీ పదాలు రాసుకున్నాను. రోజూ పొద్దున గంటసేపు గ్రామరే. ఆ గంట నాకు ఫిజిక్స్‌లోనూ పనికొచ్చింది.

రీజనింగ్ మీద నిజంగా పట్టున్నవాళ్లే రెండూ పెట్టండి. 'ఎందుకైనా మంచిది' అని మాత్రం పెట్టకండి. ఏది పెట్టినా ముందు ఇంటర్ మెమో తీసి ఇంగ్లీషులో 50 శాతం ఉందో లేదో చూసుకోండి. మొత్తం మార్కుల్లో 50 శాతం ఉన్నా, ఇంగ్లీషులో విడిగా లేకపోతే అప్లై చేయడానికే కుదరదు.

నాకిప్పుడు ఫేజ్-2 ఉంది, అందులో పరుగు లాంటి ఫిట్‌నెస్ పరీక్షలుంటాయి. రోజూ తెల్లారకముందే గ్రౌండ్‌లో 1.6 కిలోమీటర్లు పరుగెత్తుతున్నాను.