సంతకం పెట్టింది కదా!

పదకొండున్నర దాటింది. నాకే నిద్ర రావడం లేదు. సినిమా వల్ల కాదు, ఆయన అన్న ఒక్క మాట వల్ల.

గిన్నెలు కడిగి 'ఫిలోమినా' (2013) పెట్టుకున్నాను. ఐర్లండులో పెళ్ళికాకుండా కడుపు వచ్చిన ఫిలోమినా అనే పిల్లని రాస్క్రేలోని సన్యాసినుల ఆశ్రమానికి పంపేస్తారు. 1952లో కొడుకు. లాండ్రీలో చాకిరీ చేస్తే రోజుకు గంటసేపు బిడ్డను చూడనిస్తారు. మూడేళ్ళ వాణ్ని అమెరికావాళ్ళకు ఇచ్చేస్తారు. యాభై ఏళ్ళు ఎవరికీ చెప్పుకోక, ముసలితనంలో వెతకడం మొదలుపెడుతుంది. జరిగిన కథే. ముసలి ఫిలోమినాగా వేసిన జూడీ డెంచ్, వెతకడానికి తోడొచ్చిన పాత్రికేయుడికి నవల కథంతా పూసగుచ్చినట్టు చెప్పే చోట పగలబడి నవ్వాను కూడా.

బిడ్డను వదులుకుంటున్నట్టు ఆమె కాగితం రాసిచ్చిందని రాగానే ఆయన ఆవులిస్తూ, "మరి సంతకం పెట్టింది కదా" అన్నారు. అనేసి హాయిగా నిద్రపోయారు.

మా పెద్దాడికి ఏడో ఏట అపెండిక్స్ ఆపరేషను అయింది. రాత్రి రెండింటికి నర్సు కాగితాల కట్ట తెచ్చి "ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ" అని వేలు పెట్టి చూపించింది. ఒక్క ముక్క చదివితే ఒట్టు. మూడోచోట నా పేరులో అక్షరమే ఎగిరిపోయింది. "చదువుకున్నదానివి, చూసి పెట్టమ్మా" అని అత్తయ్య పక్కనుంచి అంటూనే ఉన్నారు. ఒక చేతిలో వాడి చెయ్యి, ఇంకో చేతిలో పెన్ను. స్ట్రెచరు త్వరగా లోపలికి పోతే చాలు. ఇల్లు రాసిమ్మన్నా రాసిచ్చేదాన్ని. అప్పుడు ఈయన అక్కడ లేరు, సంతకం సంగతి ఆయనకేం తెలుస్తుంది!

అన్యాయంగా అంటున్నాను. ఆ రాత్రి ఆయన కింద నిలబడి నలుగురిని అప్పు అడిగారు.

అసలు కోపం ఆయన మీద కాదేమో. చివర్లో ఆ ముసలి సన్యాసినితో "క్షమించాను" అంటుందే, అక్కడ ఒళ్ళు మండింది. కొడుకూ తల్లిని వెతుక్కుంటూ అక్కడికే వెళ్ళాడు. తెలిసీ ఆ సన్యాసినులు చెప్పలేదు. 1995లో పోతూ, అమ్మ ఎప్పటికైనా వస్తుందేమోనని తనను అక్కడే పాతిపెట్టమన్నాడు. అటువంటివాళ్ళకు క్షమాపణా?

ఫోనులో వెతికితే తెలిసింది, పాత్రికేయుడితో ఈ వెతుకులాట మొదలయ్యేనాటికే ఆ సన్యాసిని బతికి లేరట. ఆ ఎదురుపడటం కల్పితం. దానితో కోపం చల్లారి ఇంకేదో మొదలైంది. తిట్టడానికైనా, క్షమించడానికైనా అసలు ఫిలోమినాకు ఆ మనిషే మిగల్లేదన్నమాట. ఐర్లండు ప్రధాని ఇటువంటి తల్లులకు క్షమాపణ చెప్పారు, అదీ 2021లో. అప్పటికి ఎంతమంది మిగిలారో.

పెద్దాడు విహారయాత్ర అనుమతి పత్రం బల్ల మీద పెట్టి పడుకున్నాడు, పొద్దున్నే సంతకం కావాలట. ఎప్పుడూ అయితే ఫ్రిజ్ మీద పెట్టి గీకేసేదాన్ని. వెనక పేజీ కూడా ఉంది, అన్నీ చీమ తలకాయంత అక్షరాలు. ఆయన కళ్ళద్దాలు తెచ్చుకున్నాను.