నాయనకు బ్లాక్ ఫంగస్: మందు ఎక్కించిన రోజులు

2021 మే నెల. నాయన కోవిడ్ నుంచి తేరుకుని పాకాల దగ్గర మా ఊరికొచ్చాడు. షుగర్ ముందునుంచీ ఉంది, ఆపైన స్టెరాయిడ్లు వాడారు. కొద్దిరోజులకే ఎడమ చెంప మొద్దుబారిందన్నాడు, పైపళ్లు కదులుతున్నాయన్నాడు. పంటి డాక్టరు నోరు చూసి, పన్ను ముట్టుకోకుండానే "ఈరోజే తిరుపతికి పోండి" అన్నాడు. ఆయన మేలు మరవలేం.

అలిపిరి రోడ్డులోని పెద్దాసుపత్రిలో ముక్కులోంచి చిన్న ముక్క తీసి మైక్రోస్కోపు కింద చూశారు. సాయంత్రానికే మ్యూకర్ అని, అంటే బ్లాక్ ఫంగస్ అని తేలింది. ఈ బూజు మట్టిలో, కుళ్లిన పండ్లలో, గాల్లో ఎప్పుడూ ఉండేదేనట. ఒంట్లో శక్తి తగ్గి, షుగర్ అదుపు తప్పినవాళ్లకు రక్తనాళాల్లోకి దూరి వాటిని మూసేస్తుంది. రక్తం అందక కండ చచ్చి నల్లబడుతుంది. అక్కడికి మందు కూడా చేరదు, కోసి తీసేయాల్సిందే అంది ఈఎన్‌టీ డాక్టరమ్మ. అంగిట్లో సగం పోయింది. మాకూ అంటుకుంటుందా అని చుట్టాల ఫోన్లు. ఒకరినుంచి ఒకరికి రాదని చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టింది.

ఆపరేషన్ కన్నా ఈ బూజును చంపే ఆంఫోటెరిసిన్ అనే మందుతోనే ఎక్కువ టెన్షన్. అప్పుడు దేశమంతా దానికి కొరత. ఈ జబ్బును ఆరోగ్యశ్రీలో చేర్చారు కాబట్టి డబ్బుకు ఇబ్బంది పడలేదు గానీ, మందు వచ్చిందన్న మాట వినేదాకా నిద్ర లేదు. పసుపు రంగు మందు. మామూలు సెలైన్‌లో కలపకూడదు, డెక్స్‌ట్రోస్‌లోనే ఎక్కించాలి. అదేమో చక్కెర నీళ్లు! షుగర్ పెరిగితే ఇన్సులిన్ సరిచేసేవాళ్లు. కిడ్నీలు దెబ్బతింటున్నాయేమోనని క్రియాటినిన్, పొటాషియం పరీక్షలు మాటిమాటికీ. పొటాషియం పడిపోయి కాళ్లు పీకేవి. దానికిచ్చిన సిరప్ తాగమంటే నాయన మమ్మల్నందరినీ తిట్టేవాడు. చూడ్డానికి వచ్చినవాళ్లు టెంకాయనీళ్లు తెచ్చేవాళ్లు. అందులోనూ పొటాషియమే కదా, సిరప్‌తో కలిసి ఎక్కువైపోతుందేమోనని డాక్టరును అడగందే ఇచ్చేవాళ్లం కాదు.

తర్వాత ఇంటికి పంపి, బూజును అణిచే పోసకొనజోల్ మాత్రలు నెలల తరబడి వాడమన్నారు. అన్నం తిన్నాక వేసుకోవాలి. అంగిట్లో రంధ్రం మూయడానికి ప్లేటు చేయించాం. అది లేకపోతే తాగిన నీళ్లు ముక్కులోంచి వచ్చేవి. ప్లేటు అమిరాక రాగిసంకటి అడిగి మరీ తిన్నాడు.

మామిడి తోటకు పోవచ్చుగానీ దిబ్బ తవ్వకూడదు, రాలి కుళ్లిన కాయలు ఏరకూడదు, మాస్కు తీయకూడదు అన్నారు డాక్టరు. మొదటి రెండింటికీ నాయన ఒప్పుకున్నాడు. మాస్కు దగ్గరే రోజూ గొడవ.