తడి చెత్తలో పాల ప్యాకెట్ కొసలు
మా అపార్ట్‌మెంట్‌లో తడి చెత్తతో ఎరువు చేయడం మొదలయ్యాక తెలిసింది, అసలు ఇబ్బంది పెద్ద వస్తువులతో కాదు. సీసాలు, డబ్బాలు కంటికి కనబడతాయి, తీసేస్తాం. పాల ప్యాకెట్ కత్తిరించినప్పుడు ఊడిపోయే కొస, కొత్తిమీర కట్టకున్న రబ్బరు బ్యాండు, యాపిల్ మీది స్టిక్కర్, ఇవి కుళ్లిన కూరగాయల్లో కలిశాక ఎవరికీ దొరకవు, ఎరువు జల్లెడ పట్టినా కొన్ని కిందికి జారి కుండీల మట్టిలో ఉండిపోతాయి. బ్యాటరీలు పడితే ఇంకా ప్రమాదం. వాటిలోంచి ఎరువులో కలిసే లోహాలు జల్లెడకు చిక్కవు కదా, అందుకే ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం సిటీ కంపోస్ట్‌లో, అంటే ఊరి చెత్తతో చేసే ఎరువులో, సీసం అనే లోహం కిలోకి 100 మిల్లీగ్రాములు దాటకూడదు.

బాగా పనిచేసింది ఏంటంటే, బకెట్‌లో కవర్ మానేసి పాత పేపర్ పరచడం. ముడేసిన కవర్ ఇస్తే విప్పి చేతులతో వెతకాల్సింది చెత్త తీసుకెళ్లే అక్కే. అందులోనే డైపర్లు, బ్లేడ్లు వేసేవాళ్లను చూస్తే నాకు నిజంగా కోపమొస్తుంది. డైపర్లు విడిగా చుట్టి ఇవ్వాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనల్లోనే చెప్పారు.

పాల ప్యాకెట్ కొస మాత్రం పూర్తిగా కోయకండి, దానికే వేలాడేలా వదిలేయండి, ప్లీజ్.