పాత స్కేటు విప్పినప్పుడు

మా అమ్మాయి నాలుగు చక్రాల స్కేటు ఒక పక్కకే లాగుతోందంటే నిన్న సాయంత్రం విప్పి చూశాను. ఇరుసుకూ అడుగు పలకకూ మధ్య ఉండే రబ్బరు దిమ్మ ఎండిపోయి, వేలితో నొక్కగానే పొడిపొడిగా రాలింది.

ఈ చిన్న ముక్క వెనుక 1863 నాటి ఆలోచన ఉంది. అంతకు ముందు, 1819లో పారిస్‌లో పెటిబ్లెడ్ అనే ఆయన పేటెంటు పొందిన స్కేటులో చక్రాలన్నీ చెక్క పలక కింద ఒకే వరుసలో ఉండేవి కనుక అది తిన్నగా పోవడమే తప్ప మలుపు తిరగడం కష్టమయ్యేది. (అంతకు చాలా ముందే లండన్‌లో మెర్లిన్ అనే యంత్రకారుడు చక్రాల బూట్లతో వయొలిన్ వాయిస్తూ వెళ్లి నిలువుటద్దాన్ని ఢీకొన్నాడని చెబుతారు, పాపం, ఆగే ఉపాయమూ లేదు.) 1863లో న్యూయార్క్‌లో జేమ్స్ ప్లింప్టన్ అనే ఆయన చక్రాలను ముందూ వెనుకా జంటలుగా అమర్చి, ఇరుసులను రబ్బరు మెత్తల ఆసరాతో కదిలేలా చేశాడు, మనిషి ఒక పక్కకు వాలితే రెండు ఇరుసులూ ఒకదానికొకటి ఎదురుగా తిరిగి స్కేటు ఆ పక్కకే వంపు తీసుకుంటుంది, నిటారుగా నిలబడగానే రబ్బరు వాటిని యథాస్థానానికి తెస్తుంది. తరువాత బాల్ బేరింగులు వచ్చి చక్రాన్ని తేలిక చేశాయి గానీ, నా మెప్పు మాత్రం రబ్బరుకే.

కొత్త దిమ్మ వేశాను. ఎడమకాలి స్కేటులో దిమ్మను బిగించే నట్టును ఇంకో పావు చుట్టు వదులు చేయాలి.